ఇద్దరి చేతుల్లో బ్లూస్: బ్లాక్ కీస్ తొలి ఆల్బమ్

2002 మే నెలలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ పట్టణానికి చెందిన ఇద్దరు కుర్రవాళ్లు 'ద బిగ్ కమ్ అప్' పేరుతో తమ తొలి ఆల్బమ్‌ను వెలువరించారు. ఆల్బమ్ అంటే ఒకే శీర్షిక కింద, ఒక వరుసలో వినడానికి కూర్చిన పాటల సంపుటి. బృందం పేరు ద బ్లాక్ కీస్. డాన్ ఆవర్‌బాక్ పాడుతూ గిటార్ వాయించగా, పాట్రిక్ కార్నీ డ్రమ్స్ వాయించాడు. అప్పటికి ఇద్దరిలో ఎవరికీ ఇరవై మూడేళ్లు మించలేదు. పెద్ద స్టూడియో గాని, పేరుమోసిన నిర్మాత గాని, రాక్ బృందానికి వెన్నెముకగా భావించే బేస్ గిటార్ గాని లేకుండా తయారైన ఈ పదమూడు పాటల సంపుటి, ఇరవై ఏళ్లు దాటినా బ్లూస్ రాక్ అభిమానుల మధ్య ఆదరణ కోల్పోలేదు. వాద్యాలు తగ్గినకొద్దీ మిగిలిన ప్రతి శబ్దం మీదా పనిభారం పెరుగుతుందనీ, ఆ భారాన్ని అది ఎలా మోస్తున్నదో గమనించడంలోనే ఈ సంగీతపు ఆనందం ఉందనీ నిరూపించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా బ్లూస్ అంటే ఏమిటో తెలియాలి. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకాల్లో, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, చట్టరీత్యా బానిసత్వం పోయినా అప్పులకూ పాలు సేద్యానికీ కట్టుబడి బతికిన నల్లజాతి శ్రామికుల మధ్య, చేలో పనిపాటల నుంచి, ప్రార్థన గీతాల నుంచి రూపుకట్టిన గానపద్ధతి బ్లూస్. 1920లో మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' రికార్డు విపరీతంగా అమ్ముడుపోవడంతో ఈ సంగీతానికి బజారు ఉందని కంపెనీలు గుర్తించాయి. దీని ప్రసిద్ధ రూపంలో ఒక్కో చరణం పన్నెండు బార్ల నిడివి కలిగి ఉంటుంది. బార్ అంటే సాధారణంగా నాలుగు లెక్కల కొలత. మొదటి పాదాన్ని పాడి, దాన్నే మరోసారి పాడి, మూడో పాదంలో దానికి జవాబు చెప్పడం ఇందులోని మామూలు నడక. ఈ పన్నెండు బార్లలోనూ వెనుక మోగే కార్డులు, అంటే ఒకేసారి పలికించే స్వరాల గుంపులు, షడ్జమం నుంచి మధ్యమానికీ పంచమానికీ మారుతూ తిరిగి షడ్జమానికి చేరుకుంటాయి.

స్వరాల విషయానికి వస్తే, బ్లూస్ గిటారిస్టులు ఎక్కువగా వాడే అయిదు స్వరాల వరుస కర్ణాటక సంగీతంలోని శుద్ధ ధన్యాసి రాగపు స్వరస్థానాలతో సరిపోతుంది. అయితే ఇందులోని గాంధారం ఒకచోట నిలవదు; సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఊగుతూ, ఆ ఊగిసలాటతోనే బ్లూస్‌కు ప్రత్యేకమైన వేదనను తెచ్చిపెడుతుంది. తీగను మెట్టు మీద పక్కకు లాగి స్వరాన్ని పైకి జరిపే పద్ధతిని గిటారిస్టులు బెండింగ్ అంటారు. రెండు సంప్రదాయాలకూ చారిత్రక సంబంధం లేకపోయినా, వీణ మీద తీగను లాగి గమకం పలికించడం ఎరిగిన తెలుగు శ్రోతకు ఈ బెండింగ్ కొత్తగా తోచదు.

1940లలో దక్షిణాది నుంచి షికాగోకు వలస వెళ్లిన మడ్డీ వాటర్స్ వంటి గాయకులు బ్లూస్‌ను విద్యుత్ గిటార్ మీదికి తెచ్చారు. 1960లలో ఆ రికార్డులు విని పెరిగిన బ్రిటిష్ యువకులు దానిని రాక్ సంగీతంగా మార్చి తిరిగి అమెరికాకే అమ్మారు. ఆ క్రమంలో బృందాలు, వేదికలు, గిటార్ విన్యాసాలు అన్నీ పెరిగిపోయి, బ్లూస్‌లోని పొదుపు చాలావరకు మరుగున పడింది. తరవాతి తరాలవారు దానిని వెతుక్కుంటూ మళ్లీ మూలాలకు వెళ్లారు. బ్లాక్ కీస్ వెళ్లిన చోటు మాత్రం అందరూ వెళ్లే మిసిసిపీ డెల్టా కాదు. దానికి తూర్పున ఉన్న ఉత్తర మిసిసిపీ కొండ ప్రాంతం.

ఈ ప్రాంతపు పద్ధతిని హిల్ కంట్రీ బ్లూస్ అంటారు. పన్నెండు బార్ల చట్రంతోగాని, కార్డుల మార్పుతోగాని దీనికి పెద్దగా నిమిత్తం లేదు. చాలా పాటలు ఆసాంతం ఒకే కార్డు మీద నిలిచి, ఒక చిన్న గిటార్ పలుకును మళ్లీ మళ్లీ తిప్పుతూ, వినేవారిని మత్తులోకి లాగుతాయి. ఇలా పాటను నడిపించే చిన్న స్వరపు మలుపును రిఫ్ అంటారు. ఈ పద్ధతికి ఇరవయ్యో శతాబ్దం చివర ఇద్దరు పెద్ద దిక్కుగా నిలిచారు: 1930లో పుట్టి 1998లో మరణించిన జూనియర్ కింబ్రో, 1926లో పుట్టి 2005లో మరణించిన ఆర్.ఎల్. బర్న్‌సైడ్. కింబ్రో చులహోమా అనే ఊళ్లో ఒక జూక్ జాయింట్ నడిపేవాడు. జూక్ జాయింట్ అంటే వారాంతాల్లో నల్లజాతి శ్రామికులు తాగడానికి, తినడానికి, ఆడిపాడడానికి చేరే పల్లెటూరి వినోదశాల. అరవయ్యో పడిలో పడ్డాక 1992లో ఫ్యాట్ పాసమ్ అనే చిన్న కంపెనీ ద్వారా 'ఆల్ నైట్ లాంగ్' అనే ఆల్బమ్ వచ్చేదాకా, చుట్టుపక్కల ఊళ్లు దాటి కింబ్రో పేరు ఎరిగినవారు తక్కువ. ఆక్రన్‌లో కూర్చుని ఆవర్‌బాక్ అరగదీసిన రికార్డుల్లో ఇతనివి ముఖ్యమైనవి.

ఈ ఒకే కార్డు పద్ధతి పాశ్చాత్య శ్రోతలకు మొదట వింతగా తోస్తుంది. కార్డులు మారడంలోనే కదలికను వెతికే అలవాటు ఉన్న చెవికి, మార్పు లేని చోట ఏమీ జరగడంలేదన్న అనుమానం కలుగుతుంది. తంబుర శ్రుతి మీద గంటసేపు ఒకే షడ్జమాన్ని ఆధారం చేసుకుని నడిచే కచేరీకి అలవాటుపడిన చెవికి ఆ ఇబ్బంది ఉండదు. ఆధారం కదలకపోవడం వల్లే దాని మీద జరిగే చిన్న చిన్న కదలికలు, అంటే స్వరాన్ని కాస్త ఆలస్యంగా అందుకోవడం, ఒక తీగను ఒకసారి గట్టిగా, మరోసారి మెత్తగా మీటడం వంటివి, ప్రాధాన్యం సంతరించుకుంటాయని ఆ శ్రోతకు ముందే తెలుసు. పాశ్చాత్య సంగీతంతో అంతగా పరిచయం లేని తెలుగువారు రాక్ సంగీతంలోకి ప్రవేశించడానికి ఈ కారణంగానే హిల్ కంట్రీ బ్లూస్ ఒక సులువైన ద్వారం కాగలదు.

ఇక ఆల్బమ్ పుట్టిన చోటు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్ కంపెనీలకు పుట్టినిల్లయిన ఆక్రన్, ఒకప్పుడు ప్రపంచానికి రబ్బరు రాజధానిగా పేరు పొందింది. 1980ల నాటికి అక్కడి టైరు ఫ్యాక్టరీల్లో అధిక భాగం మూతపడ్డాయి. ఆవర్‌బాక్, కార్నీ ఇద్దరూ ఒకే పేటలో పెరిగి, ఫైర్‌స్టోన్ పేరు మీదున్న బడిలోనే చదువుకుని, ఉన్నత చదువులు మధ్యలో వదిలేసినవారు. ఆవర్‌బాక్ మొదట మరో బృందంతో కార్నీ ఇంటి నేలమాళిగలో పాటలు రికార్డు చేయాలనుకున్నాడు. కార్నీ దగ్గర రికార్డింగ్ పరికరాలుండేవి. అనుకున్న రోజున ఆ బృందంవారు రాలేదు. రికార్డు చేయవలసిన కార్నీ డ్రమ్స్ ముందు కూర్చోవడంతో ఇద్దరి బృందం పుట్టింది. వారు పంపిన నమూనా పాటలు విని, ఒక్క కచేరీ అయినా చూడకుండానే, లాస్ ఏంజెలెస్‌లోని అలైవ్ అనే చిన్న కంపెనీ ఒప్పందానికి ముందుకు వచ్చింది. ఆల్బమ్ మొత్తం ఆ నేలమాళిగలోనే, ఇంట్లో వాడుకునే మల్టీట్రాక్ రికార్డర్‌తో తయారైంది. ఒక్కో వాద్యాన్ని వేరువేరు పట్టీల మీద నమోదు చేసి, ఆ తరవాత కలపడానికి వీలిచ్చే యంత్రాన్ని మల్టీట్రాక్ రికార్డర్ అంటారు.

ఈ సంగీతాన్ని వినేటప్పుడు మొదట గమనించవలసింది బేస్ గిటార్ లేకపోవడం. మామూలు శ్రుతిలో ఉన్న గిటార్ అడుగు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. బేస్ గిటార్ అడుగు తీగ సుమారు 41 సార్లు, అంటే సరిగ్గా ఒక స్థాయి కింద కంపిస్తుంది. ఛాతీలో తగిలే ఆ మంద్ర ధ్వని బేస్ లేని బృందంలో లోపించాలి. ఆ లోటును ఫజ్ అనే ప్రక్రియ కొంతవరకు తీరుస్తుంది. గిటార్ నుంచి వచ్చే విద్యుత్ తరంగాన్ని, యంత్రం తట్టుకోగలిగిన హద్దు దాటేదాకా పెంచితే, తరంగపు శిఖరాలు తెగిపోయి శబ్దం గరగరలాడుతుంది. దానినే ఫజ్ అంటారు. ఇలా తెగిన తరంగంలో అసలు స్వరంతోపాటు దాని రెట్టింపు, మూడింతల కంపనాలు గల ఉపస్వరాలు కొత్తగా పుట్టి ధ్వనిని నింపుతాయి. అంతకంటే ఆసక్తికరమైన విషయం మరొకటి ఉంది. షడ్జమాన్ని, పంచమాన్ని కలిపి ఒకేసారి మీటితే, అంటే 82, 123 కంపనాల స్వరాలు ఫజ్‌లో కలిస్తే, వాటి మధ్య తేడా అయిన 41 కంపనాల స్వరం కూడా అందులో తోడై పుడుతుంది. అంటే బేస్ గిటార్ పలికించవలసిన స్వరమే, బేస్ గిటార్ లేకుండా, గిటార్ గరగరలోంచి పుట్టుకొస్తుంది. రాక్ గిటారిస్టులు ఈ జంట స్వరాన్ని ఇష్టపడటానికి దాని మొరటు బలమే కాక ఈ భౌతిక కారణం కూడా ఉంది.

గిటార్ ఇలా రెండు పనులు చేస్తుంటే, కార్నీ డ్రమ్స్ మూడో పని చేస్తాయి. కాలితో తొక్కి మోగించే పెద్ద డోలును కిక్ డ్రమ్ అనీ, చేతి పుల్లలతో కొట్టే, అడుగున సన్నని తీగలు బిగించిన చిన్న డోలును స్నేర్ అనీ అంటారు. కార్నీ గురుముఖతః నేర్చుకున్న వాద్యకారుడు కాడు. అతని వాయింపులో నిపుణత ప్రదర్శన కనిపించదు. గిటార్ రిఫ్ ఎక్కడ బరువు పెడుతుందో అక్కడే తన దెబ్బనూ వేసి, మాటకు మాట అందించినట్టు ఆ బరువును రెట్టింపు చేయడం అతని పద్ధతి. డ్రమ్స్ శబ్దాన్ని కూడా కావాలనే కాస్త చెదిరేలా రికార్డు చేయడం వల్ల గిటార్ గరగర, డ్రమ్ము గరగర ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నలుగురు వాయించే బృందంలో ఒకరు ఆగినా పాట సాగిపోతుంది. ఇక్కడ మాత్రం ఎవరు ఆగినా సగం ఆగినట్టే కనుక, ఆ ఆగడం ఒక విన్యాసమై కూర్చుంటుంది.

ఆల్బమ్‌ను తెరిచే 'బస్టెడ్' ఈ లక్షణాలన్నిటినీ ఒక్కచోట చూపుతుంది. బర్న్‌సైడ్ పాడిన 'స్కిన్నీ వుమన్' అనే పాటను ఆధారం చేసుకుని అల్లిన ఈ పాటలో గిటార్ రిఫ్ గాయకుడి పాదానికి ముందుమాటగా వచ్చి, పాదం ముగియగానే తిరిగి జవాబుగా వస్తుంది. ఆవర్‌బాక్ గొంతులో ఆ వయసుకు మించిన జీర ఉంది. పదాలను స్పష్టంగా ఉచ్చరించడం కంటే వాటిని లయ మీదికి విసరడం మీదే అతని దృష్టి. రెండో పాట కింబ్రో రచన అయిన 'డూ ద రంప్'. మూడోదైన 'ఐల్ బి యువర్ మ్యాన్' బృందం సొంత పాట. సోల్ అనే నల్లజాతి గానశైలి గాయకుల బుజ్జగింపు ధోరణికి దగ్గరగా నడిచే ఈ పాటను ఏడేళ్ల తరవాత 2009లో 'హంగ్' అనే టెలివిజన్ ధారావాహికకు ఆరంభ గీతంగా వాడుకున్నారు. ఏడో పాట 'లీవింగ్ ట్రంక్' స్లీపీ జాన్ ఎస్టెస్ అనే పాతతరం గాయకుడి పేరు మీద చెలామణిలో ఉన్నది. తాజ్ మహల్ అనే పేరు పెట్టుకున్న అమెరికన్ గాయకుడు 1968లో తన తొలి ఆల్బమ్‌లో పాడిన తరవాత అది రాక్ శ్రోతలకు చేరువైంది. ఒక పాత పాటను తరం తరవాత తరం తమ గొంతుకు తగినట్టు సవరించుకుని పాడుకోవడం బ్లూస్ సంప్రదాయంలో సహజం.

తొమ్మిదో పాటగా బీటిల్స్ రాసిన 'షి సెడ్ షి సెడ్' ఈ వరుసలో చేరడం మొదట ఆశ్చర్యం కలిగిస్తుంది. 1966లో 'రివాల్వర్' ఆల్బమ్‌లో వచ్చిన ఆ పాట మూలంలో స్వరాలు హరికాంభోజి మేళానికి సరిపోతాయి. నాలుగు లెక్కల నడక మధ్యలో మూడు లెక్కలకు మారి తిరిగి వస్తుంది. వెనుక గిటార్ పలుకులు, గొంతులు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. ఆ పేర్పునంతా తీసేసి, పాటను కింబ్రో ఇంటి వాకిట్లో పుట్టినదా అన్నట్టు మార్చేశారు ఈ ఇద్దరూ. మూలం తెలిసిన శ్రోతకు ఏమేమి తీసేశారో లెక్కపెట్టుకోవడంలో ఒక సరదా ఉంది. తీసేసిన తరవాత కూడా పాట గుర్తుపట్టేలా నిలిచిందంటే, దాని ప్రాణం బాణీలో ఉందిగాని అలంకరణలో లేదని తేలుతుంది. మిగతా పాటలను కొలవడానికీ ఇదే కొలబద్ద పనికొస్తుంది.

ఈ ఆల్బమ్ మీద ఆక్షేపణలు లేకపోలేదు. పాటలు ఒకదానినొకటి పోలి ఉంటాయన్నది మొదటిది. పదమూడు పాటలను ఏకధాటిగా విన్నవారికి చివరి మూడో వంతులో కొంత అలసట కలుగుతుందన్న మాట వాస్తవమే. ధ్వనిలో వైవిధ్యం తక్కువైనప్పుడు బలమైన రిఫ్ లేని పాట దాక్కోవడానికి చోటుండదు. రికార్డింగ్ నాణ్యత తక్కువన్నది రెండోది. తక్కువ ఖర్చు పరికరాలతో, శబ్దంలోని మురికిని కడగకుండా రికార్డు చేయడాన్ని లో-ఫై అంటారు. ఇక్కడ ఆ మురికి సంగీతంలో భాగమైపోయింది. అయినా కొన్నిచోట్ల గాత్రం గిటార్ కింద మునిగిపోయి మాటలు అందకపోవడం లోపమేనని ఒప్పుకోవాలి. మూడోది, అన్నిటికంటే బరువైనది: నల్లజాతి శ్రామికుల జీవితం నుంచి పుట్టిన సంగీతాన్ని, ఆ జీవితం ఎరగని ఉత్తరాది తెల్ల కుర్రవాళ్లు తమ పేరు కోసం వాడుకోవచ్చునా అన్నది. బ్లూస్ రాక్ చరిత్రలో ఈ ప్రశ్నకు కారణమైన అన్యాయాలు చాలానే జరిగాయి. మూల రచయితలకు పేరుగాని, రాబడిగాని దక్కని సందర్భాలు కోర్టుల దాకా వెళ్లాయి. బ్లాక్ కీస్ విషయంలో ఊరట కలిగించేది ఏమిటంటే, వారు తమ రుణాన్ని బయటికి చెప్పుకున్నారు. 2003లో తమ రెండో ఆల్బమ్‌ను కింబ్రో, బర్న్‌సైడ్‌ల రికార్డులు వెలువరించిన ఫ్యాట్ పాసమ్ ద్వారానే విడుదల చేశారు. 2006లో కేవలం కింబ్రో పాటలతో 'చులహోమా' అనే చిన్న సంపుటిని తెచ్చారు.

ఇదే కాలంలో ఇద్దరే వాయించిన మరో బృందం ద వైట్ స్ట్రైప్స్. డెట్రాయిట్‌కు చెందిన ఆ బృందపు తొలి ఆల్బమ్ 1999లో వచ్చింది. దానినీ బేస్ లేకుండానే చేశారు, డెల్టా గాయకుడు సన్ హౌస్‌కు అంకితమిచ్చారు. కాని వైట్ స్ట్రైప్స్ తమ పరిమితిని ఒక వ్రతంలా ఎంచుకుని, ఎరుపు, తెలుపు, నలుపు దుస్తులతో దానికొక వేషం కట్టారు. బ్లాక్ కీస్‌కు వేషం లేదు. మిగతావాళ్లు రాకపోవడం వల్ల ఇద్దరయ్యారు, డబ్బు లేకపోవడం వల్ల నేలమాళిగలో వాయించారు. అందుకే వైట్ స్ట్రైప్స్ ఆల్బమ్‌లో నాటకీయత ఎక్కువ, బ్లాక్ కీస్ ఆల్బమ్‌లో నడక ఎక్కువ. ఏది మేలన్నది శ్రోత రుచిని బట్టి తేలవలసిందే.

ఈ ఆల్బమ్‌ను ఆస్వాదించదలచినవారికి ఒక చిన్న అభ్యాసం ఉపకరిస్తుంది. కింబ్రో 1992 ఆల్బమ్‌లో ఉన్న 'డూ ద రాంప్' పాటను ముందు వినాలి. అందులో బేస్, డ్రమ్స్ తోడుగా గిటార్ నిదానంగా తిరుగుతుంది. తరవాత అదే పాటను 'ద బిగ్ కమ్ అప్'లో, 'డూ ద రంప్' పేరుతో వినాలి. ముగ్గురి పనిని ఇద్దరు పంచుకోవడం వల్ల వాయింపులో ఒక తొందర, ఒక మొరటుతనం చేరతాయి. చివరగా 2021లో వచ్చిన 'డెల్టా క్రీమ్' ఆల్బమ్‌లో వినాలి. ఆ ఆల్బమ్ కోసం బ్లాక్ కీస్ ఇదే పాటను మళ్లీ వాయించారు; అప్పుడు బర్న్‌సైడ్ దగ్గర ఏళ్ల తరబడి గిటార్ వాయించిన కెనీ బ్రౌన్‌నూ, కింబ్రో దగ్గర బేస్ వాయించిన ఎరిక్ డీటన్‌నూ పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఫోన్‌లోని చిన్న స్పీకరు మంద్ర స్వరాలను పలికించలేదు కనుక, ఈ మూడింటినీ ఇయర్‌ఫోన్లతోగాని, మంచి స్పీకర్లతోగాని వినడం అవసరం.

మూడు రూపాలూ విన్నాక, 2021 నాటిదే నిండుగా, సుఖంగా ఉందని చాలామంది అంగీకరిస్తారు. వాయించినవారి చేతులు అప్పటికి బాగా పండాయి, మూల బాణీ ఎరిగినవారు పక్కనే ఉన్నారు. తొలి ఆల్బమ్‌కూ దీనికీ మధ్య కాలంలో ఆ బృందం 2010లో 'బ్రదర్స్', 2011లో 'ఎల్ కమీనో' ఆల్బమ్‌లతో గ్రామీ పురస్కారాలూ పెద్ద పెద్ద వేదికలూ అందుకుని, ఆ వేదికల మీద బేస్, కీబోర్డు వాద్యకారులను కూడా చేర్చుకుంది. అంత నిండుతనం తరవాత కూడా శ్రోతలు మళ్లీ 2002 నాటి రూపానికి వెళ్లడానికి కారణం పాతదాని మీద మమకారం మాత్రమే కాదు. నిండైన వాయింపులో పాట ఎంత బాగుందో తెలుస్తుంది, ఎలా నిలబడిందో తెలియదు. తొలి ఆల్బమ్‌లో గిటార్ ఎక్కడ బేస్ పని చేస్తున్నదో, డ్రమ్స్ ఎక్కడ దానికి భుజం కాస్తున్నాయో, రెండూ చాలనిచోట గొంతు ఎలా ముందుకు వస్తున్నదో ప్రతి పాటలోనూ వినిపిస్తుంది. ఒకసారి ఈ పని విభజనను పట్టుకోగలిగిన చెవి, ఆ తరవాత ఎంత పెద్ద బృందాన్ని విన్నా, ఏ వాద్యం దేనికోసం ఉందో, ఏది లేకపోయినా పాట నిలిచేదో తానే తేల్చుకోగలుగుతుంది.